స్వయంగా విచారించిన మీదట

మార్కెట్, రెండో వరస, పదిహేడో నంబరు షాపు
ఫిబ్రవరి 9

చిట్టీ,

ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నానో పైన చూశావుగా. ఉదయం నుంచి నాలుగుసార్లు బయటికి వెళ్ళి తలుపు మీద నంబరు చూసుకుని లోపలికి వచ్చాను. ఎదురుగా బొత్తాలు, జిప్పులు అమ్మే ఆవిడ నన్ను చూసి నవ్వి ఏదో అంది. నాకేం వినపడుతుంది? పలక అందించాను. "షాపు ఎక్కడికీ పారిపోదు, కూర్చోండి" అని రాసింది.

మీ అన్నయ్య పోయిన ఏడాదే ఆ జ్వరంలో నా చెవులు కూడా పోయాయి కదా. ఇంట్లో కుట్టుకుంటూ కూర్చుంటే జనం తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడ తలుపు తెరిచే ఉంటుంది. మనిషి నీడ బట్ట మీద పడగానే తల ఎత్తుతాను. కొలతలు పలక మీద రాస్తారు. నిన్న ఒకావిడ తన నడుము కొలత తనే రాసిచ్చింది. టేపు పెట్టి చూస్తే రెండంగుళాలు ఎక్కువ వచ్చింది. పలక మీద ఉన్నది చెరపలేదు, కత్తిరించడం మాత్రం టేపు ప్రకారం కత్తిరించాను. ఆవిడ మాట ఆవిడకు దక్కింది, గుడ్డ ఒంటికి సరిపోయింది.

షాపు చిన్నదే. మిషను, బల్ల, ఒక ముక్కాలిపీట పడతాయి. గోడకి ఆరు వరసల కొక్కేలున్నాయి, వరసకి ఇరవై. ఎవరు కొట్టించారో గానీ దారపు రీళ్ళ కోసమే కొలిచి పెట్టినట్టున్నాయి. మెట్ల కింద ఒకాయన తాళాలు బాగుచేస్తూ కూర్చుంటాడు. పొద్దున్నే నన్ను చూసి తల ఊపుతాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడు.

ఒక్క మాట అడుగుతాను. "మీ ఆడపడుచు మార్కెట్ల ఆఫీసులోనే కదా పనిచేసేది" అని బొత్తాలామె రాసింది. నాకు చర్రున కోపం వచ్చింది. మూడేళ్ళు జాబితాలో ఉన్నాను, నా వంతు వచ్చింది, అని రాసి చూపించాను. నిజమే కదా? నువ్వేం చెయ్యలేదుగా? చేసి ఉంటే చెప్పు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఒకరి సిఫారసు మీద బతికినవాళ్ళం కాము.

చలిగా ఉందని తల స్నానం మానకు.

నీ వదిన


ఆఫీసు వెనక వీధి, మేడ మీద గది
ఫిబ్రవరి 16

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ప్రార్థనలో ముందు మీ షాపు సంగతే చెప్పాను, దేవుడికి తెలియనట్టు.

మీరు అడిగినదానికి జవాబు. మీ వంతు వచ్చింది, వదినా. జాబితాలో మొదటి పేరు మీది. షాపు ఖాళీ అయింది, మీకు ఇచ్చారు. తాఖీదు మీద సంతకం డిప్యూటీ సారుది. బొత్తాలామెకు ఆ సంతకం చూపించండి.

నా సంగతులేమున్నాయి. పదో తరగతి చదివి టైపిస్టుగా చేరినదాన్ని, ఇవాళ మూడు ఊళ్ళ మార్కెట్ల ఫైళ్ళు నా బల్ల మీదుగా వెళ్తున్నాయి. "మీ నోటు ఉంటే నేను ఫైలు తెరవక్కర్లేదండీ" అంటారు డిప్యూటీ సారు. అలాంటి మాటలకి పొంగిపోకూడదని తెలుసు. అయినా విన్న రోజు ఇంటికి నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉంటాయి.

కొక్కేలు బాగున్నాయంటున్నారు, ఉండనివ్వండి. రంగుల వారీగా రీళ్ళు తగిలిస్తే చూడముచ్చటగా ఉంటుంది.

మీ చిట్టి


మార్కెట్, పదిహేడో షాపు
ఏప్రిల్ 2

చిట్టీ,

ఈసారి నీతో పని పడింది.

మెట్ల కింద కూర్చునే తాళాలాయన గురించి రాశాను కదా. ఆ కొక్కేలు ఆయనవి. ఈ షాపే ఆయనది. పదకొండేళ్ళు ఇక్కడ తాళంచెవులు వేలాడదీసుకుని కూర్చున్నాడట. రెండు నెలలుగా నేను ఆయన కొక్కేలకి రీళ్ళు తగిలిస్తుంటే చూస్తూ కూర్చున్నాడు తప్ప ఒక్క మాట అనలేదు. మొన్న నా బల్ల సొరుగు తాళం ఇరుక్కుపోతే పిలిచాను. వచ్చి తీసిపెట్టాడు. వెళ్తూ వెళ్తూ, మూడో వరసలో ఒక కొక్కెం వదులైతే అలవాటుగా బిగించాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చి అడిగాను. పలక నాలుగుసార్లు తుడిచి నాలుగుసార్లు రాశాడు.

భార్యకు కిడ్నీ జబ్బట. పొరుగూరి పెద్దాసుపత్రిలో చేర్చి ముప్ఫై ఆరు రోజులు అక్కడే ఉండిపోయాడు. తిరిగి వచ్చేసరికి షాపుకి ఆఫీసువాళ్ళ తాళం వేలాడుతోంది. "మీరు తీయలేని తాళమా?" అని నవ్వులాటకి రాశాను. "అర నిమిషం పని. అందుకే ముట్టుకోలేదు" అని రాశాడు. నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

భార్య సంగతి చెబుతూ ఆసుపత్రి నుంచే మీ ఆఫీసుకి ఉత్తరం రాశాడట. జవాబు రాలేదు. తాఖీదు వచ్చింది. "షాపుదారుని ఎదుట కూర్చోబెట్టి, స్వయంగా విచారించిన మీదట" అనుమతి రద్దు చేస్తున్నామని అందులో ఉందట. "నన్నెవరూ విచారించలేదమ్మా. ఆ తేదీన నేను వార్డులో మా ఆవిడ మంచం పక్కన రక్తం సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. స్టాండు విరిగింది" అని రాశాడు.

ఎవరో గుండె లేని మనిషి చేసిన పని, చిట్టీ. మీ సారుతో ఒక్క మాట చెప్పు. ఆయనకి ఇంకో షాపేదైనా ఇప్పించలేరా? అది నీ వల్ల కాకపోతే, ఆయన ఉత్తరం అక్కడ ఎవరి చేతికి అందిందో అదైనా చూసి చెప్పు. ఫైళ్ళన్నీ నీకు కంఠతా కదా.

నీ వదిన


ఆఫీసు వెనక వీధి
ఏప్రిల్ 10

వదినకు నమస్కారాలు.

మీరు రాసిన విషయం పరిశీలించాను. కారణం చూపకుండా ముప్ఫై రోజులకు మించి షాపు మూసి ఉంచితే అనుమతి రద్దు చేయవచ్చని నిబంధన ఉంది. కారణం చూపేవారు రుజువు జతచేయాలి. ఆ వ్యక్తి ఉత్తరానికి ఏ రుజువూ జతచేసి లేదు. రద్దు చేసే అధికారం పెద్దసారుది. దాన్ని ఆయన రాతపూర్వకంగా డిప్యూటీ సారుకి అప్పగించారు. కాబట్టి తాఖీదు సక్రమమైనదే. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు.

మీరు ఇందులో కలగజేసుకోకండి. అతనితో ఎక్కువ మాట్లాడకపోవడం మంచిది. ఆ కొక్కేలు తీయించేసి గోడకి చెక్క అరలు కొట్టించుకోండి.

ఇక్కడ అంతా క్షేమం.

చిట్టి


మార్కెట్, పదిహేడో షాపు
మే 5

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాశావా, మీ ఆఫీసు రాసిందా అని కవరు తిప్పి చూశాను. స్టాంపు నువ్వే అంటించినట్టుంది, కొంచెం వంకరగా.

కొక్కేలు తీయించలేదు.

తాళాలాయన అప్పీలు చేశాడు. అర్జీలు రాసే ప్లీడరు గుమాస్తా మార్కెట్‌కి వచ్చినప్పుడు నా షాపులోనే కూర్చుని రాశాడు. నాకు అర్థమయ్యేట్టు పలక మీద కూడా రాశాడు పాపం. పెద్దసారు తన అధికారాన్ని డిప్యూటీ సారు చేతిలో పెట్టవచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ డిప్యూటీ దాన్ని మళ్ళీ తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. ఎవరికి అప్పగించారో ఆ మనిషే ఫైలు చూడాలి, ఎదుటివాణ్ణి వినాలి, ఆలోచించాలి. అలా జరక్కపోతే కింద ఎంత మంచి సంతకం ఉన్నా ఆ తాఖీదు చెల్లదట. "చూడకుండా సంతకం పెట్టాడని బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. "లోపలివాళ్ళు ఎవరైనా నోరు విప్పాలి. విప్పరు లెండి" అని రాశాడు.

తాఖీదు కూడా చూపించారు. అచ్చు కాగితం, ఖాళీలు మాత్రం చేత్తో నింపి ఉన్నాయి. రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశాను.

తాళాలాయన భార్యని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాడు. ఇంట్లో ఒక్కతే ఉండలేదు, మెట్ల కింద నేల మీద కూర్చోలేదు. అందుకని పగలు నా షాపులో ముక్కాలిపీట మీద కూర్చుంటోంది. బొత్తాలు కుడతానంటుంది, సూదిలో దారం ఎక్కించలేదు, చేతులు వణుకుతాయి. నేను ఎక్కించి ఇస్తాను. "నా మొగుడి షాపులో నేను పనికి కుదిరానమ్మా" అని రాసి తనే నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తులేదు.

నాకేమైనా రాయాలనిపిస్తే రాయి. అనిపించకపోయినా రాయి.

వదిన


ఆఫీసు వెనక వీధి
జూన్ 11

వదినా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

ఎవరో గుండె లేని మనిషి చేసిన పనని మీరు ఏప్రిల్‌లో రాశారు. ఆ తాఖీదు నింపింది నేను. డిప్యూటీ సారు ఆ ఫైలు తెరవలేదు. ఆ షాపుదారుడు వచ్చిందీ లేదు, ఎవరూ విన్నదీ లేదు.

ఆయనకు మూడు ఊళ్ళు, రోజూ మీటింగులు. ప్రతి సోమవారం ఖాళీ తాఖీదుల కట్ట తెప్పించుకుని, కింద సంతకాలు చేసేసి, "మీరు చూసి నింపండి, మీ కంటే న్యాయం ఎవరు చూస్తారు" అని నా చేతికి ఇచ్చేవారు. మొదటి వారం భయపడ్డాను. రెండో వారం ప్రార్థన చేసుకుని నింపాను. తర్వాత అదే పద్ధతైపోయింది. ఫైలు చదివేదాన్ని, కళ్ళు మూసుకునేదాన్ని, మనసు ఎటు నెమ్మదిస్తే అటు రాసేదాన్ని. పద్నాలుగు నెలల్లో అరవై ఒక్క తాఖీదులు. రద్దు చేసినవి, కొనసాగించినవి, కొత్తగా ఇచ్చినవి అన్నీ కలిపి.

ఎక్కువ భాగం దయగానే నింపాను, అది మీతో చెప్పుకోవాలని ఉంది. గొడుగులు బాగుచేసే ముసలాయన నలభై రోజులు షాపు తెరవలేదు. ఆయనది రద్దు చెయ్యలేదు. రుజువు పంపనివాళ్ళకి "ఆసుపత్రి చీటీ జతచేసి పంపండి" అని నేనే కార్డు రాసేదాన్ని. అలా తొమ్మిది మందికి రాశాను. నాకది బాగుండేది. ఎవరికీ తెలియకుండా మేలు చేస్తున్నాననుకునేదాన్ని.

తాళాలాయన ఉత్తరం వచ్చిన రోజు కూడా కార్డు తీశాను. ఆసుపత్రి అడ్రసు కూడా రాశాను. జాబితాలో మొదటి పేరు ఎవరిదో నాకు తెలుసు. తలుపు కొట్టి వెళ్ళిపోయే జనం గురించి మీరు అంతకు ముందు వారమే రాశారు. కళ్ళు మూసుకున్నాను. మనసు నెమ్మదించింది. దేవుడు ఒప్పుకున్నాడనుకున్నాను. కార్డు సొరుగులో పెట్టేసి తాఖీదు నింపాను. "స్వయంగా విచారించిన మీదట" అన్న ముక్క అందులో అచ్చులోనే ఉంటుంది. ఆ ముక్క మీద గీత గీసి కొట్టేయవచ్చు. కొట్టలేదు.

మీ వంతు వచ్చిందని రాశాను. వంతు మీదే. వచ్చేట్టు చేసింది నేను.

శుక్రవారం అప్పీలు విచారణ. నిన్న డిప్యూటీ సారు పిలిచి కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనరు.

"మీరేం కష్టపడక్కర్లేదండీ. ఆ రోజు ఆ మనిషి వచ్చాడు, నేను విన్నాను, మీరు పక్కనుండి రాసుకున్నారు. అంతే."

"ఆయన రాలేదు కదండీ."

"వచ్చాడో రాలేదో ఇప్పుడెవరికి గుర్తుంటుంది? ఒక దారం లాగితే అరవై ఒక్కటీ ఊడతాయి. మీరు మేలు చేసినవాళ్ళందరూ రోడ్డున పడతారు." మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "మీ వదినగారిది కూడా అందులోదేగా" అన్నారు. ఆయన గొంతులో బెదిరింపు లేదు. నా బాగు కోరి చెబుతున్నట్టే ఉంది. అంటే ఆయనకి మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలిసే ఊరుకున్నారు, నేనూ ఊరుకుంటానని.

మీరు ఏమంటారో కనుక్కుని చెబుదామని ముందు అనుకున్నాను. అలా చేస్తే నా పని మీ నెత్తిన పెట్టినట్టవుతుంది. అందుకే ఈ ఉత్తరం మీకు శుక్రవారం దాటాక అందేలా వేస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీ షాపు పోతుంది, వదినా.

చిట్టి


మార్కెట్
జూన్ 17

చిట్టీ,

ఉత్తరం అందింది. పని చాలా ఉంది.

వదిన


ఆఫీసు వెనక వీధి
జూలై 3

వదినకు నమస్కారాలు.

మీరు రాసిన ఆ రెండు మాటల తర్వాత రోజూ పోస్టు వచ్చే వేళకి మెట్ల మీద నిలబడుతున్నాను. ఇవాళ నేనే రాస్తున్నాను.

విచారణ గది చిన్నది. అప్పీలు వినే ఆవిడ నా వయసుదే. నేను చెబుతున్నంతసేపూ కాగితం మీద నుంచి కలం ఎత్తలేదు. డిప్యూటీ సారు లేచి, "నేను చూడమన్నది ఫైళ్ళు సర్దమనండీ, నిర్ణయాలు చేయమని ఎప్పుడూ చెప్పలేదు. ఈవిడ భక్తురాలని నమ్మాను" అన్నారు. ఆ మాటకి గదిలో ఎవరో నవ్వారు. నా పక్కనే దేవుడు ఉంటే ఆయన కూడా తల దించుకుని ఉంటాడు.

అప్పీలావిడ కలం కింద పెట్టి, "ఈ మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

లేదన్నాను.

"అడుగో, అక్కడున్నాడు. చూడండి."

వెనక్కి తిరిగాను. చివరి బెంచీ మీద ఉన్నాడు. నాకు కనపడటానికి వీలుగా ఆయనే లేచి నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, కుడి చేతి వేళ్ళకి ఇనుప మరకలు. ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. ఆఫీసువాళ్ళు చూస్తున్నారు కదా, సరిగ్గా నిలబడాలి అన్నట్టు నిలబడ్డాడంతే. ఆ కార్డు మీద ఈయన పేరే కదా రాశాను, వదినా. పేరు రాసినప్పుడు చేతికి బరువు తెలియలేదు.

అరవై ఒక్క తాఖీదులూ చెల్లవని తేల్చారు. డిప్యూటీ సారుని ఆ పని నుంచి తప్పించి కొత్తాయన్ని వేశారు. ప్రతివాళ్ళనీ ఆయన తానే చూసి మళ్ళీ నిర్ణయిస్తారట. నన్ను తపాలా సెక్షనుకి పంపారు, నా మీద విచారణ తేలేవరకు కవర్ల మీద నంబర్లు వేస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అప్పీలావిడ లేస్తూ నాతో ఒక మాట అంది. "మీరు బాగా నింపారా చెడ్డగా నింపారా అన్నది నేను చూడలేదు. అది మీరు నింపాల్సిన కాగితం కాదు." నా దయ నింపిన తాఖీదులూ, నా స్వార్థం నింపిన తాఖీదూ ఒక్క కట్టలో కట్టి పక్కన పెట్టారు.

మొన్న గొడుగులు బాగుచేసే ముసలాయన వెతుక్కుంటూ తపాలా సెక్షనుకి వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి, "మీరేనటగా అమ్మా నాకు ఇచ్చింది. మీరే మళ్ళీ ఇచ్చెయ్యండి, ఈ వయసులో ఆ కొత్తాయన చుట్టూ తిరగలేను" అన్నాడు. నా చేతిలో లేదన్నాను. "అప్పుడెలా ఉంది మరి?" అని అడిగాడు. సెక్షనంతా విన్నది. ఆయన తప్పుగా ఏమీ అడగలేదు.

రోడ్డు మీద తెలిసినవాళ్ళు కనిపిస్తే అవతలి పక్కకి వెళ్తున్నాను. ప్రార్థనకి కూర్చున్నా మాట రావడం లేదు. నిన్న మాత్రం చాలాసేపు కళ్ళు మూసుకుని మీ గురించే అడిగాను. మనసు కాస్త నెమ్మదించింది. మీరు ఉత్తరం రాయకపోయినా లోలోపల నన్ను క్షమించేశారని తెలిసిపోయింది. మీ మనసు నాకు తెలియనిదా. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మీ చిట్టి


ఇంటి నుంచి
ఆగస్టు 20

చిట్టీ,

పైన అడ్రసు మారింది, చూశావుగా. మిషను మళ్ళీ ఇంటి ముందు గదిలోకి వచ్చింది.

ముందు నా సంగతి చెప్పాలి. నీ ఉత్తరం నాకు కొత్త విషయమేదీ చెప్పలేదు. ఏప్రిల్ నెలాఖరున తాళాలాయన తాఖీదు చూపించినప్పుడే నీ రాత గుర్తుపట్టాను. నా తాఖీదులో అదే రాత చూసినప్పుడు మాత్రం సారు చెప్పింది రాశావనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నీ ఉత్తరాలు చదువుతున్నదాన్ని, ఆ రాత పోల్చుకోలేనా? కాగితం ఆయనకి తిరిగిచ్చి, ఆ మధ్యాహ్నం రెండు గుడ్డలు తప్పు కత్తిరించాను. నువ్వే చెబుతావని ఆగానని అనుకున్నాను. అది సగం నిజం. అప్పీలు ఓడిపోతే షాపు నాకు ఉండిపోతుంది కదా అని కూడా ఆగాను. ఆ ఆశ పెట్టుకునే ఆయన భార్యకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. నువ్వైనా శుక్రవారం నోరు విప్పావు. నేను విప్పలేదు.

కొత్త డిప్యూటీ తనే మార్కెట్‌కి వచ్చాడు. నా షాపు గడపలో నిలబడి ఏదో అడిగాడు. పలక ఇచ్చాను. "మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని రాశాడు. ఈ షాపు విషయంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. "షాపు తాళాలాయనది. తప్పుగా తీసుకున్నారని నాకు ఏప్రిల్ నుంచి తెలుసు" అని రాసిచ్చాను. దాన్ని పైకి చదివి ఉంటాడు. ఎందుకంటే ముక్కాలిపీట మీద కూర్చున్న ఆవిడ నా వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. "ఏప్రిల్ నుంచా?" అంతే. అది తెలుసుకోవడానికి చెవులు అక్కర్లేదు. కుడుతున్న గుడ్డ నెమ్మదిగా మడతపెట్టి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని లేచి, మెట్ల కిందకి వెళ్ళి నేల మీద మొగుడి పక్కన కూర్చుంది.

షాపు ఆయనకి ఇచ్చారు. నా పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కింది, నాలుగో నంబరట. గొడుగుల ముసలాయనకి ఆ కొత్తాయన ఇవ్వలేదని విన్నాను. ఎందుకో నాకు తెలియదు, నువ్వూ కనుక్కోకు.

సామాను తీసేసిన రోజు తాళాలాయన వచ్చి కొక్కేలకున్న రీళ్ళు తనే ఒక్కొక్కటీ తీసి పెట్టెలో సర్దాడు. మర్యాదగానే సర్దాడు. కానీ పలక అడగలేదు. ఆవిడ రానేలేదు. బొత్తాలామె మాత్రం మిషను ఎత్తడానికి ఒక చెయ్యి వేసి, "సిఫారసు లేదన్నారుగా" అని రాసి, నేను చదివాక తనే తుడిచేసింది. ఆ వరస మీదుగా వెళ్ళాలంటే ఇప్పుడు నాకు తల కొట్టేసినట్టుంటుంది. దారం అయిపోతే చుట్టూ తిరిగి వేరే వీధికి వెళ్తున్నాను.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. నేను నిన్ను క్షమించేశానని, కళ్ళు మూసుకుంటే నీకు తెలిసిందని రాశావు. అది చదివి నీ మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. షాపు పోయినప్పుడు కూడా అంత రాలేదు. నన్ను అడక్కుండా నాకు షాపు ఇచ్చావు. నన్ను అడక్కుండానే నా క్షమాపణ కూడా నువ్వే రాసేసుకున్నావు. చిట్టీ, అది నా పని. నువ్వు నింపకు. దేవుణ్ణి కూడా నింపమని అడగకు.

ఇంకా ఆలోచించలేదు. ఆలోచించుకోవడానికి నాక్కొంచెం టైము కావాలి, ఎందుకంటే నిన్ను విచారించే ముందు నన్ను నేను విచారించుకోవాల్సి ఉంది. ఏది తేలితే అది నా చేత్తో రాస్తాను. అది నీకు నచ్చకపోవచ్చు.

అప్పటిదాకా నీ సంగతులు నువ్వు రాస్తూ ఉండు. నా సంగతి నాకు వదిలెయ్.

నీ వదిన